యుమౌంట్ అయిపోయిందంటుంది, లక్స్ మాత్రం ఇంకా వాడుకలో ఉందంటుంది: సర్వర్ నుంచి యూఎస్‌బీ డిస్కు ఎలా తియ్యాలి?

గుంటూరు_మిర్చి:
అందరికీ నమస్కారం. మాది గుంటూరులో చిన్న ఆడిటింగ్ ఆఫీసు. ఒక్కటే సర్వర్, డెబియన్ 12 లినక్స్, 16 జీబీ ర్యామ్. మానిటర్ లేదు, కీబోర్డు లేదు, అన్నీ ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు కొట్టే పద్ధతి) లోంచే. క్లయింట్ల ఫైళ్ళు రోజూ రాత్రి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాంతో 4 టీబీ యూఎస్‌బీ హార్డ్‌డిస్కులోకి బ్యాకప్ అవుతాయి. ఇలాంటి డిస్కులు రెండున్నాయి. ఒకటి సర్వర్‌కి ఉంటే రెండోది సార్ వాళ్ళింట్లో బీరువాలో ఉంటుంది, శనివారం శనివారం మార్చుకుంటాం. బయటికి వెళ్ళే డిస్కు కాబట్టి లక్స్‌తో (లినక్స్‌లో డిస్కుకి తాళం వేసే పద్ధతి) ఎన్‌క్రిప్ట్ చేసి లోపల ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ పెట్టాం.

ఇప్పుడు సమస్య ఏంటంటే, శనివారం నేను డిస్కుని విడదీసే యుమౌంట్ కమాండ్ కొడితే ఏ గొడవా లేకుండా వెంటనే అయిపోతుంది, డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే లో చూస్తే మౌంట్ పాయింట్ (డిస్కు కనబడే ఫోల్డర్) ఖాళీగానే ఉంటుంది, తర్వాత లక్స్ మూసే క్రిప్ట్‌సెటప్ క్లోజ్ కొడితే మాత్రం డివైస్ ఇంకా వాడుకలో ఉందని ఎర్రర్ ఇస్తుంది. ఫైళ్ళు ఎవరు తెరిచారో చూపే ఎల్ఎస్ఓఎఫ్ చూశాను, ఫ్యూజర్ చూశాను, ఎవరూ పట్టుకుని లేరు. ఇంకో విచిత్రం, ఇది ప్రతి వారం రాదు, కొన్ని వారాలు శుభ్రంగా క్లోజ్ అయిపోతుంది. ఇంతవరకు డేటా ఏమీ పోలేదు. కానీ డిస్కు తీసే అబ్బాయికి కంప్యూటర్ గురించి పెద్దగా తెలియదు, నేను ఊళ్ళో లేని రోజు ఏమవుతుందో అని టెన్షన్. ఏం చెయ్యమంటారు?

ఖమ్మం_కుర్రాడు:
అన్నా, ఇంత ఎందుకు, సింక్ అని కొట్టి పీకెయ్. నేను పెన్‌డ్రైవ్‌లు, హార్డ్‌డిస్కులు అన్నీ అట్లనే తీస్తా, ఎప్పుడూ ఏం కాలే. విండోస్‌లో కూడా ఇప్పుడు సేఫ్లీ రిమూవ్ అక్కర్లేదంటున్నారు కదా.

గోదారి_గట్టు:
తమ్ముడూ, విండోస్ మాట వేరు. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి బయటి డిస్కులకి క్విక్ రిమూవల్ పద్ధతిని డిఫాల్ట్ చేశారు, అంటే ఆ డిస్కులకి రాతల్ని ర్యామ్‌లో ఎక్కువసేపు ఆపరు. లినక్స్ అలా కాదు. నువ్వు ఫైల్ కాపీ చేస్తే ముందు ర్యామ్‌లోని పేజ్ క్యాష్‌లో పడుతుంది, కాపీ కమాండ్ అయిపోయిందని ప్రాంప్ట్ తిరిగొచ్చేస్తుంది, డిస్కు మీదికి మాత్రం కెర్నల్ తీరిగ్గా రాస్తుంది. మామూలు సెట్టింగుల్లో రాయాల్సిన పేజీ 30 సెకన్లు పాతదైతే దాన్ని బయటికి పంపాలని చూస్తుంది, ఆ చూసే పని 5 సెకన్లకోసారి జరుగుతుంది. డర్టీ రేషియో (రాయాల్సినదాన్ని ర్యామ్‌లో ఆపగల హద్దు) 20 శాతం, కాబట్టి 16 జీబీ ర్యామ్ ఉన్న మిషన్లో సుమారు 3 జీబీ దాకా డిస్కుకి చేరని డేటా ర్యామ్‌లోనే ఉండొచ్చు. సెకనుకి 10 ఎంబీ రాసే పెన్‌డ్రైవ్ అయితే అది పూర్తిగా దిగడానికి 5 నిమిషాలు పడుతుంది. "కాపీ చిటికెలో అయింది, యుమౌంటే వేలాడిపోయింది" అని జనం విసుక్కునేది దీనికే. అది వేలాడటం కాదు, అప్పుడే అసలు పని జరుగుతోంది.

నమ్మకం కుదరకపోతే పెద్ద ఫైల్ ఒకటి కాపీ చేసి, పక్క విండోలో /ప్రాక్/మెమ్‌ఇన్ఫో ఫైల్లో డర్టీ, రైట్‌బ్యాక్ అనే రెండు లైన్లు వాచ్ కమాండ్‌తో చూడు. కాపీ అయిపోయాక కూడా ఆ అంకె ఎంతసేపటికి కిందికి దిగుతుందో కళ్ళారా కనబడుతుంది.

ఖమ్మం_కుర్రాడు:
సరే అన్నా, కానీ నేను సింక్ కొడుతున్నా కదా. సింక్ అయ్యాక అంతా డిస్కు మీదికి వెళ్ళినట్టే కదా?

గోదారి_గట్టు:
ఆ క్షణం వరకు ఉన్నది వెళ్తుంది. ఫైల్‌సిస్టమ్ ఇంకా మౌంట్ అయ్యే ఉంది కాబట్టి మరుక్షణం ఇంకో ప్రోగ్రాం ఏదైనా రాయొచ్చు. ఎవరో ఒక ఫైల్ చదివినా యాక్సెస్ టైమ్ అప్‌డేట్ అవ్వొచ్చు. డిస్కు మీద కూడా "నేను మౌంట్ అయి ఉన్నాను" అన్న గుర్తు అలాగే ఉంటుంది. అందుకే ఎక్స్‌ఫ్యాట్ అయితే తర్వాత చెక్ చెయ్యమంటుంది, ఎన్‌టీఎఫ్ఎస్ అయితే కొత్త కెర్నల్ డ్రైవర్ వాల్యూమ్ డర్టీగా ఉందని మౌంట్ చెయ్యనే చెయ్యదు. ఎక్స్‌టీ4 తన జర్నల్ (మార్పుల చిట్టా) చూసుకుని లేచి కూర్చుంటుంది, నిజమే, కానీ ఆ జర్నల్ కాపాడేది ఫైల్‌సిస్టమ్ నిర్మాణాన్ని. నీ టాలీ ఫైల్లో సగమే రాసి ఉంటే ఆ సగం సగంగానే ఉంటుంది.

సర్వర్ మీద సింక్ కొట్టి పీకడం అలవాటు చేసుకోవద్దు. డెస్క్‌టాప్‌లో నువ్వొక్కడివే ఉంటావు, సర్వర్ మీద వేళకి పనులు నడిపే క్రాన్ ఉంటుంది, ఫైళ్ళు పంచే సాంబా ఉంటుంది, నీకు తెలియకుండా రాసేవాళ్ళు చాలామంది ఉంటారు.

నెల్లూరు_నోడ్:
గుంటూరు గారూ, నాక్కూడా ఒకసారి బిజీ అని వస్తే యుమౌంట్‌కి -ఎల్ పెట్టి కొట్టాను, వెంటనే పోయింది. అది ట్రై చెయ్యండి.

టెర్మినల్_తాత:
దయచేసి ఆ సలహా ఎవరూ పాటించకండి. -ఎల్ అంటే లేజీ. ఆ ఫోల్డర్ పేరు చెట్టులోంచి తీసేస్తుంది అంతే, ఫైల్‌సిస్టమ్ అలాగే బతికే ఉంటుంది, తెరిచిన ఫైళ్ళు మూసేదాకా రాతలు సాగుతూనే ఉంటాయి. పైగా పేరు పోయింది కాబట్టి ఎవరు పట్టుకున్నారో వెతకడం ఇంకా కష్టం. చచ్చిపోయిన నెట్‌వర్క్ షేర్‌ని వదిలించుకోవడానికి అది పనికొస్తుంది, చేత్తో పీకబోయే డిస్కుకి పనికిరాదు. -ఎఫ్ కూడా అంతే, అది ముఖ్యంగా ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ షేర్ పద్ధతి) కోసం.

మామూలుగా బిజీ అని వస్తే చూడాల్సినవి: ఎవరైనా ఎస్ఎస్‌హెచ్ లో ఆ ఫోల్డర్‌లోకి సీడీ చేసి అలాగే వదిలేశారా, టీమక్స్‌లో పాత విండో ఏదైనా ఉందా, ఆ డిస్కులోని ఫైల్ దేన్నైనా లూప్‌గా మౌంట్ చేశారా, దాని మీద స్వాప్ ఫైల్ ఉందా, ఎన్ఎఫ్ఎస్‌లో ఎక్స్‌పోర్ట్ చేశారా. చివరి మూడూ ఎల్ఎస్ఓఎఫ్‌లో కనబడవు, ఎందుకంటే వాటిని పట్టుకున్నది కెర్నలే.

కానీ గుంటూరు గారి కేసు ఇది కాదు. వారికి యుమౌంట్ బిజీ అనడం లేదు, అయిపోయిందంటోంది. అదే నాకు భయంగా ఉంది. అండీ, సర్వర్ మీద డాకర్ (యాప్‌ని కంటైనర్ అనే విడి డబ్బాలో నడిపేది) లాంటిది ఏమైనా నడుస్తోందా? నడుస్తుంటే దానికి ఏ ఫోల్డర్ ఇచ్చారు?

గుంటూరు_మిర్చి:
ఉందండీ. పార్ట్‌నర్లు ఫైళ్ళని బ్రౌజర్‌లో చూసుకోవడానికి చిన్న యాప్ ఒకటి డాకర్ కంటైనర్‌లో పెట్టాం. దానికి /ఎస్ఆర్‌వీ మొత్తం ఇచ్చాం. బ్యాకప్ డిస్కు మౌంట్ అయ్యేది /ఎస్ఆర్‌వీ/బ్యాకప్ మీద. కానీ ఆ యాప్‌లో బ్యాకప్ ఫోల్డర్ ఎవరూ తెరవరు.

టెర్మినల్_తాత:
దొరికింది. తెరవక్కర్లేదు.

కొంచెం వివరంగా చెప్తాను, ఇది చాలామందికి తెలియదు. కంటైనర్‌కి దానిదైన మౌంట్ నేమ్‌స్పేస్ ఉంటుంది, అంటే ఏ డిస్కు ఎక్కడ మౌంట్ అయిందన్న పట్టిక దానికి విడిగా ఉంటుంది. మీరు /ఎస్ఆర్‌వీ ని బైండ్‌గా (బయటి ఫోల్డర్‌నే లోపల చూపేలా) ఇచ్చినప్పుడు డాకర్ దాని కింద అప్పటికే మౌంట్ అయి ఉన్నవాటిని కూడా కలిపి లోపలికి తీసుకెళ్తుంది. డిఫాల్ట్‌గా ఆ కాపీ ఆర్‌ప్రైవేట్, అంటే ఆ తర్వాత బయట జరిగేది లోపలికి తెలియదు, లోపల జరిగేది బయటికి తెలియదు. మీరు బయట యుమౌంట్ కొడితే మీ పట్టికలోంచి పోతుంది, కంటైనర్ పట్టికలో అదే ఫైల్‌సిస్టమ్ మౌంట్ అయ్యే ఉంటుంది. ఆఖరి మౌంట్ పోయినప్పుడే ఎక్స్‌టీ4 తన లెక్కలన్నీ డిస్కు మీదికి దించి మూసుకుంటుంది. మీది ఆఖరిది కాదు కాబట్టి యుమౌంట్ దేనికోసమూ ఆగలేదు, అందుకే వెంటనే వచ్చేసింది. ఎల్ఎస్‌బీఎల్‌కే చూసేది కూడా మీ పట్టికనే కాబట్టి ఖాళీ చూపించింది.

కొన్ని వారాలే ఎందుకొస్తుందంటే, డిస్కు మౌంట్ అయి ఉండగా కంటైనర్ మొదలైతేనే ఆ కాపీ లోపలికి వెళ్తుంది. కంటైనర్ ముందు మొదలై డిస్కు తర్వాత మౌంట్ అయితే దానికి కనబడనే కనబడదు. ఏ వారం మధ్యలో సర్వర్ రీబూట్ అయిందో, యాప్ అప్‌డేట్ అయిందో ఆ వారమే మీకు ఈ ఎర్రర్ వస్తూండాలి. చూసి చెప్పండి.

పరీక్ష ఇలా చెయ్యండి. ఈసారి ఎర్రర్ వచ్చినప్పుడు, రూట్‌గా, /ప్రాక్ కింద ప్రతి ప్రాసెస్ ఫోల్డర్‌లోనూ మౌంట్‌ఇన్ఫో అనే ఫైల్ ఉంటుంది, వాటన్నిటిలో మీ లక్స్ మ్యాపర్ పేరుని (లక్స్ తెరిచినప్పుడు వచ్చే డివైస్ పేరు) గ్రెప్ -ఎల్ తో వెతకండి. దొరికిన నంబరే దాన్ని పట్టుకున్న ప్రాసెస్. డీఎంసెటప్ ఇన్ఫోలో ఓపెన్ కౌంట్ (ఆ డివైస్‌ని ఎంతమంది పట్టుకున్నారన్న లెక్క) 1 అని కూడా ఉంటుంది.

డల్లాస్_డెబియన్:
తాత గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకో రెండు చోట్ల కూడా ఇది తెలిసిపోతుంది. పీఎస్ లిస్టులో ఎక్స్‌టీ4 జర్నల్ చూసుకునే జేబీడీ2 అనే కెర్నల్ థ్రెడ్ మీ లక్స్ డివైస్ డీఎం నంబరుతో ఇంకా కనబడుతుంటే ఎక్స్‌టీ4 బతికున్నట్టే. డెబియన్ 12 కెర్నల్ 6.1 కాబట్టి, నిజంగా ఫైల్‌సిస్టమ్ మూసుకున్నప్పుడు డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల్లో) ఎక్స్‌టీ4 నుంచి "అన్‌మౌంటింగ్ ఫైల్‌సిస్టమ్" అన్న లైన్ పడుతుంది. నేనైతే యుమౌంట్ ప్రాంప్ట్ తిరిగొచ్చినదాన్ని కాకుండా ఆ లైన్‌నే నమ్ముతాను.

అన్నట్టు మీరు లక్స్ పెట్టుకోవడం వల్లే ఇది బయటపడింది. మామూలు పార్టిషన్ అయ్యుంటే యుమౌంట్ తర్వాత ఇంకేమీ కొట్టేవాళ్ళు కాదు, డిస్కు తీసేసేవాళ్ళు, తప్పు జరిగిందని ఎక్కడా తెలిసేది కాదు.

గుంటూరు_మిర్చి:
ఇప్పుడే చూశానండీ. మౌంట్‌ఇన్ఫోలో దొరికిన నంబర్ సరిగ్గా ఆ యాప్‌దే. జేబీడీ2 కూడా కూర్చునే ఉంది. కంటైనర్ ఆపగానే డీమెసేజ్‌లో ఆ లైన్ పడింది, క్రిప్ట్‌సెటప్ క్లోజ్ మారు మాట్లాడకుండా అయిపోయింది. లాగుల్లో చూస్తే ఈ వారం కరెంటు పోయి వచ్చాక సర్వర్ రీబూట్ అయింది, అప్పుడు డిస్కు తగిలించే ఉంది. అన్నీ సరిపోయాయి.

మరి శాశ్వతంగా ఏం చెయ్యాలి? ప్రతి శనివారం కంటైనర్ ఆపాలా?

టెర్మినల్_తాత:
ఆపక్కర్లేదు. అన్నిటికంటే మంచిది, బ్యాకప్ డిస్కుని ఆ యాప్‌కి ఇచ్చిన ఫోల్డర్ బయట పెట్టండి. /ఎస్ఆర్‌వీ కింద కాకుండా /మౌంట్ అనో ఇంకోటో వేరే ఫోల్డర్ చేసి అక్కడ మౌంట్ చెయ్యండి. బ్యాకప్‌ని రోజూ వాడే యాప్‌కి చూపించాల్సిన పని అసలు లేదు, రాన్సమ్‌వేర్ భయం కూడా ఒకటుంది కదా.

తప్పనిసరిగా చూపించాలంటే డాకర్‌కి ఫోల్డర్ ఇచ్చే వాల్యూమ్ లైన్ చివర ఆర్‌స్లేవ్ అని చేర్చండి. అప్పుడు బయట యుమౌంట్ కొడితే లోపల కూడా పోతుంది. లోపల నిజంగా ఎవరైనా ఫైల్ తెరిచి ఉంటే మీకు బిజీ అని వస్తుంది. ఆ బిజీ అన్న మాట రావడమే మనకి కావాలి.

ఖమ్మం_కుర్రాడు:
నాకు ఇవన్నీ కొత్త. ఒక డౌట్, యుమౌంట్ సరిగ్గా అయ్యాక వెంటనే పీకొచ్చా, ఇంకేమైనా ఉందా? మా దగ్గర తిరిగే డిస్కులే, ఎస్ఎస్‌డీలు కావు.

డల్లాస్_డెబియన్:
డేటా వరకు, సరైన యుమౌంట్ అయ్యాక, లక్స్ కూడా క్లోజ్ అయ్యాక సేఫే. మిగిలింది డిస్కు ఆరోగ్యం. పళ్ళెం నిమిషానికి కొన్ని వేలసార్లు తిరుగుతుంటుంది, దాని మీద వెంట్రుకవాసి ఎత్తులో హెడ్డు తేలుతుంటుంది. కరెంటు ఒక్కసారిగా పోతే డిస్కు ఆ తిరిగే పళ్ళెం ఊపుతోనే హెడ్డుని అత్యవసరంగా వెనక్కి లాక్కుంటుంది. ఒకటి రెండుసార్లకి ఏం కాదు, వారం వారం అలాగే చేస్తే అరుగుదలే. స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే లెక్కలు) 192 నంబర్ యాట్రిబ్యూట్, పవర్ ఆఫ్ రిట్రాక్ట్ కౌంట్, చాలా డిస్కుల్లో దీన్నే లెక్కపెడుతుంది. చూసుకో, నీ అలవాటు ఎంత మంచిదో అక్కడ రాసి ఉంటుంది.

అందుకే తీసే ముందు యుడిస్క్స్‌సీటీఎల్ పవర్-ఆఫ్ -బీ, ఆ తర్వాత డిస్కు పేరు. ఇది డిస్కు లోపలి క్యాష్‌ని దించమని చెప్పి, మోటారు ఆపమని చెప్పి, ఆ యూఎస్‌బీ డివైస్‌ని కెర్నల్ నుంచి తీసేస్తుంది. సర్వర్లలో యుడిస్క్స్2 ప్యాకేజీ ఉండకపోవచ్చు, వేసుకోవాలి. వేసుకోవడం ఇష్టం లేకపోతే హెచ్‌డీపార్మ్ -వై తో మోటారు ఆపొచ్చు, కొన్ని యూఎస్‌బీ పెట్టెలు ఆ ఆదేశాన్ని లోపలికి పోనివ్వవు, అప్పుడు ఎస్‌జీ3 యుటిల్స్‌లోని ఎస్‌జీ_స్టార్ట్‌కి స్టాప్ ఆప్షన్ ఇచ్చి కొట్టండి. సిస్‌ఎఫ్ఎస్‌లో (/సిస్ ఫోల్డర్‌లో) డిస్కు కింద డిలీట్ ఫైల్లో 1 రాసే పద్ధతి కూడా ఉంది, అది క్యాష్ దించుతుంది కానీ యూఎస్‌బీ డిస్కుల్లో మోటారు ఆగుతుందన్న హామీ లేదు.

ఆదేశం ఇచ్చాక కూడా వెంటనే తియ్యకండి, చెయ్యి పెట్టి చూస్తే సన్నటి వణుకు తెలుస్తుంది, అది ఆగాక తియ్యండి. పెద్ద 3.5 అంగుళాల డిస్కులు ఇంకా జాగ్రత్త, అడాప్టర్ విడిగా ఉంటుంది కాబట్టి యూఎస్‌బీ వైరు తీసినా అవి తిరుగుతూనే ఉండొచ్చు. తిరుగుతున్న డిస్కుని ఎత్తి పక్కకి తిప్పడం మహా చెడ్డ అలవాటు.

రెండు మూడు డిస్కులు పట్టే పెట్టె అయితే పవర్-ఆఫ్ కొట్టే ముందు చూసుకోండి, పెట్టె మొత్తం ఒకటే యూఎస్‌బీ డివైస్ అయితే అన్నీ పోతాయి.

నెల్లూరు_నోడ్:
పవర్-ఆఫ్ కొట్టాక మళ్ళీ కావాలంటే? సర్వర్ ఎక్కడో ఉంది, మనం ఇంట్లో ఉన్నాం అనుకోండి.

డల్లాస్_డెబియన్:
వైరు తీసి పెట్టాలి. అందుకే దూరంగా ఉన్న సర్వర్ మీద పవర్-ఆఫ్ ఊరికే కొట్టకూడదు. అక్కడ మనిషి నిలబడి ఉన్నప్పుడే కొట్టండి.

గోదారి_గట్టు:
గుంటూరు గారూ, మీ అసలు భయం మీరు ఊళ్ళో లేని రోజు ఆ అబ్బాయి డిస్కు తీస్తే ఏమవుతుందని కదా. దానికి నా మాట వినండి. డిస్కు వారమంతా మౌంట్ అయి ఉండి, శనివారం తీసే ముందు యుమౌంట్ చేసే పద్ధతే మార్చండి. మామూలుగా అది మౌంట్ అవ్వకుండానే ఉండాలి. రాత్రి బ్యాకప్ స్క్రిప్టే లక్స్ తెరవాలి, మౌంట్ చెయ్యాలి, ఆర్‌సింక్ నడపాలి, యుమౌంట్ చెయ్యాలి, లక్స్ మూయాలి, చివర్లో హెచ్‌డీపార్మ్‌తో మోటారు ఆపాలి. గంటో రెండు గంటలో అయ్యే పని. మిగతా సమయమంతా డిస్కు నిద్రపోతూ ఉంటుంది, పగలు ఎవరు ఎప్పుడు తీసినా ఏమీ కాదు. ఇంకే కమాండూ ఎవరికీ నేర్పక్కర్లేదు. పవర్-ఆఫ్ మాత్రం స్క్రిప్టులో పెట్టకండి, మర్నాడు రాత్రి డిస్కు కనబడదు.

స్క్రిప్టులో రెండు విషయాలు మర్చిపోవద్దు. డిస్కులకి కెర్నల్ ఇచ్చే ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అన్న పేర్లు వాడకండి, డిస్కు మార్చినప్పుడు, రీబూట్ అయినప్పుడు మారిపోతాయి. రెండు డిస్కుల లక్స్ యూయూఐడీలు (మారని గుర్తింపు నంబర్లు) రాసుకుని ఏది ఉంటే అది తెరవమనండి. రెండోది ఇంకా ముఖ్యం: మౌంట్ అవ్వకపోతే ఆర్‌సింక్ ఆ ఖాళీ ఫోల్డర్‌లోకే, అంటే సర్వర్ సొంత డిస్కులోకే రాసుకుంటూ పోతుంది, తెల్లారేసరికి రూట్ నిండిపోయి సర్వర్ పడుకుంటుంది, బ్యాకప్ అయిందని మాత్రం మెయిల్ వస్తుంది. కాబట్టి ముందు మౌంట్‌పాయింట్ -క్యూ తో చూసి, కాకపోతే అక్కడే ఆపెయ్యాలి. దానికి తోడు డిస్కు మౌంట్ కానప్పుడు ఆ ఖాళీ ఫోల్డర్ మీద చాట్ట్ర్ ప్లస్ ఐ కొట్టండి, అప్పుడు రూట్ కూడా అందులో ఫైల్ రాయలేడు. డిస్కు దాని మీద మౌంట్ అయితే మామూలుగానే రాస్తుంది.

ఎఫ్‌స్టాబ్‌లో (మౌంట్ చెయ్యాల్సిన డిస్కుల జాబితా) ఆ డిస్కు లైన్ ఏదైనా ఉంటే నోఆటో, నోఫెయిల్ పెట్టండి. నోఫెయిల్ లేకుండా ఉంటే డిస్కు లేనప్పుడు రీబూట్ అయితే, బూట్ నడిపే సిస్టమ్‌డీ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. మీకు మానిటర్ కూడా లేదు. లక్స్ డిస్కుల జాబితా క్రిప్ట్‌ట్యాబ్‌లోనూ అంతే.

నెల్లూరు_నోడ్:
ఒకవేళ బ్యాకప్ నడుస్తుండగానే ఎవరైనా తీసేశారనుకోండి, అప్పుడేం చెయ్యాలి?

టెర్మినల్_తాత:
ముందు కంగారుపడి వెంటనే తగిలించకండి. పాత మౌంట్ ఇంకా లోపల వేలాడుతుంటుంది, దాని లక్స్ మ్యాపర్ పాత ఎస్‌డీబీని పట్టుకునే ఉంటుంది, కాబట్టి మీరు మళ్ళీ తగిలిస్తే అది ఎస్‌డీసీగా వస్తుంది. ముందు ఆర్‌సింక్ ఆపండి, పాతదాన్ని యుమౌంట్ చెయ్యండి, లక్స్ మూయండి, ఎర్రర్లు వస్తాయి, రానివ్వండి. అప్పుడు డిస్కు తగిలించి, లక్స్ తెరిచి, మౌంట్ చెయ్యకుండా, ఎక్స్‌టీ4ని సరిచూసే ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్ నడపండి. తర్వాత ఆర్‌సింక్‌ని ఒకసారి చెక్‌సమ్ ఆప్షన్‌తో నడపండి. సైజు, తేదీ ఒకటే ఉండి లోపల తేడా ఉన్న ఫైల్‌ని మామూలు ఆర్‌సింక్ పట్టుకోదు. 4 టీబీ కాబట్టి చాలా సేపు పడుతుంది, అయినా నడపాల్సిందే.

గుంటూరు_మిర్చి:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. మౌంట్ ఫోల్డర్‌ని /ఎస్ఆర్‌వీ బయటికి మార్చేశాను, గోదారి గారు చెప్పినట్టు స్క్రిప్టే తెరిచి మూసేలా రాశాను. డిస్కు తగిలించి ఉండగానే సర్వర్ రీబూట్ చేసి, కంటైనర్ లేచాక స్క్రిప్టు నడిపి చూశాను, చివర్లో ఎక్స్‌టీ4 లైన్ పడుతోంది, లక్స్ మూసుకుంటోంది. ఒక్కటి మిగిలింది. హెచ్‌డీపార్మ్ కొట్టాక మోటారు ఆగుతోంది, అరగంట తర్వాత చూస్తే మళ్ళీ తిరుగుతోంది. ఎవరు లేపుతున్నారో తెలియడం లేదు.

డల్లాస్_డెబియన్:
డిస్కుల స్మార్ట్ లెక్కలు చూసే స్మార్ట్‌డీ నడుస్తోందా? అది డిఫాల్ట్‌గా 30 నిమిషాలకోసారి డిస్కుల్ని పలకరిస్తుంది. దాని కాన్ఫ్ ఫైల్లో ఈ డిస్కుల లైన్‌కి -ఎన్ స్టాండ్‌బై చేర్చండి, నిద్రలో ఉంటే లేపదు. అదే లైన్లో -డీ రిమూవబుల్ కూడా పెట్టండి, సర్వర్ లేచేసరికి రెండో డిస్కు బీరువాలో ఉన్నా స్మార్ట్‌డీ ఆగిపోకుండా ఉంటుంది. ఇక్కడ కూడా ఎస్‌డీబీ అని రాయొద్దు, డిస్క్ బై-ఐడీ ఫోల్డర్ కింద ఉన్న పేరు ఇవ్వండి.

గుంటూరు_మిర్చి:
స్మార్ట్‌డీయేనండీ. ఆ రెండూ పెట్టాక డిస్కు సాయంత్రం దాకా కదల్లేదు. బై-ఐడీ పేరులో సీరియల్ నంబర్ కూడా ఉంటుంది కాబట్టి ఆ నంబర్‌లోని చివరి నాలుగు అక్షరాల్ని స్టిక్కర్ మీద రాసి రెండు డిస్కులకీ అంటించాను, రాత్రి వచ్చే మెయిల్లో కూడా ఏ డిస్కులోకి వెళ్ళిందో అవే నాలుగు అక్షరాలు వచ్చేలా పెట్టాను. మా అబ్బాయి ఇక మెయిల్ చూసి తీస్తాడు.